దక్షిణ ఇటలీలో తీరుబడిగా కారు ప్రయాణం: దారి తగ్గించండి, భోజనానికి టైమ్ ఇవ్వండి

సెప్టెంబరు చివర్లో మీకు పది రోజుల సెలవు ఉంది. మీరిద్దరూ, మీతో అమ్మానాన్నలు. పెద్దవాళ్లు మాంసం, చేప, గుడ్డు ముట్టరు, మీరిద్దరూ అన్నీ తింటారు. నేపుల్స్‌లో కారు తీసుకుని అమాల్ఫీ తీరం, మతేరా, పుల్యా, కలాబ్రియా మీదుగా సిసిలీ దాకా వెళ్లి అక్కడ విమానం ఎక్కాలని మీ ఆలోచన. ఇది తీరుబడిగా సాగుతుందా, పెద్దవాళ్లకు తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దొరుకుతుంది, కడుపునిండా, రుచిగా దొరుకుతుంది. దక్షిణ ఇటలీ వంట పేద రైతుల ఇళ్లలో పుట్టింది. మాంసం పండగలకే ఉండేది. రోజూ తిన్నది గోధుమ, శనగలు, చిక్కుడు జాతి గింజలు, ఆకుకూరలు, వంకాయ, టమాటా, ఆలివ్ నూనె. ఇక్కడి ఊళ్లలో పాస్తా ఎక్కువగా దురుం గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. ఉత్తర ఇటలీలో కలిపినట్టు పిండిలో గుడ్డు కలపరు. మీ అమ్మగారికి ఇది పెద్ద ఊరట.

మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం కాదనే. మీరు రాసిన దారిలో వెళ్తే సెలవులో పెద్ద భాగం కారు సీట్లోనే గడిచిపోతుంది. నేను పుల్యా ముఖ్యపట్టణం బారీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఇండియా నుంచి వచ్చే బంధువులను, స్నేహితులను ఈ ఊళ్లన్నీ తిప్పుతుంటాను. నేపుల్స్, అమాల్ఫీ, కలాబ్రియా, సిసిలీ నాలుగూ ఈసారికి వదిలేయండి. బారీలో దిగి, మతేరా, ఇత్రియా లోయ, పుల్యా దక్షిణ కొస అయిన సలెంతో చూసి, బ్రిందిసీలో కారు అప్పగించి వెళ్లిపోండి. మ్యాపులో చిన్న ముక్కలాగే కనిపిస్తుంది, పది రోజులకు అదే నిండుగా సరిపోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ వంటకం ఊరిని అంటిపెట్టుకుని ఉంటుంది. మతేరాలో ప్రతి హోటల్లో కనిపించే ఎండు మిరపకాయల వేపుడు లెచ్చే ఊళ్లో దాదాపు కనబడదు. లెచ్చేలో పొద్దున్నే అందరూ తినే కస్టర్డ్ పేస్ట్రీ మతేరా వాళ్లకు పట్టదు. అల్తమూరా రొట్టె రుచి అల్తమూరాలోనే. వీటి మధ్య దూరాలు చూస్తే రెండు, మూడు గంటలకు మించవు. కాబట్టి ఎక్కువ ఊళ్లు దాటినంత మాత్రాన ఎక్కువ తిన్నట్టు కాదు. ఊరు మేలుకునే వేళకు, వంటిల్లు తెరిచి ఉండే వేళకు అక్కడ ఉండాలి. అది కుదరాలంటే రోజుకు ఒక ఊరు, మహా అయితే రెండు. అమాల్ఫీ తీరాన్ని వదిలేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోడ్డు సన్నం, మలుపులు ఎక్కువ, పార్కింగ్ దొరకదు, నడిపేవాళ్లకు చూడటానికి తీరికే ఉండదు. అది పడవలో చూడాల్సిన తీరం.

బారీలో మొదటి రాత్రి గడపండి, కారు మాత్రం తీసుకోకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి రైలు ఉంది. పాత ఊరంతా సందులే, నడకే. సెయింట్ నికొలాస్ బసిలికా అక్కడే ఉంది. ఆ సాధువు అస్థికలను 1087లో బారీ నావికులు ఇప్పటి తుర్కియేలోని మీరా నుంచి తెచ్చారు. ఈస్టర్న్ ఆర్థడాక్స్ యాత్రికులు కూడా ఈ గుడికి వస్తుంటారు. అక్కడి నుంచి కోట వైపు నడిస్తే ఆర్కో బాస్సో అనే సందు వస్తుంది. ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని పిండిని చిన్న ముక్కలుగా కోసి, కత్తి మొనతో లాగి, బొటనవేలి మీద తిప్పి ఒరెక్కియెత్తె అనే చిన్న చెవుల ఆకారపు పాస్తా చేస్తుంటారు. కొనాలనుకుంటే మీ కళ్లముందు చేస్తున్న వాళ్ల దగ్గరే కొనండి.

ఈ ఒరెక్కియెత్తెకు పేరుపొందిన జోడీ చీమె ది రాపా అనే కాస్త చేదైన ఆకుకూర. అది చలికాలపు పంట, సెప్టెంబరుకు ఇంకా సరిగా రాదు. అప్పటికి మెనూలో ఉన్నా నేనైతే టమాటా సాస్‌తో అడుగుతాను. పైగా ఆ ఆకుకూరలో ఆంకోవీ అనే చిన్న చేపను నూనెలో కరిగించి వేస్తారు. పళ్లెంలో చేప కంటికి కనిపించదు, పెద్దవాళ్లకు తెలియదు. ఈ సంగతి మళ్లీ చెబుతాను.

బారీలో మీరు నలుగురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినగలిగేది స్పగెత్తి అల్ అస్సస్సీనా. స్పగెత్తిని ఉడకబెట్టకుండా పచ్చిగానే ఇనుప మూకుడులో నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి, టమాటా మీద వేస్తారు. పలచటి టమాటా నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, మధ్యమధ్యలో అడుగు మాడనిస్తారు. కరకరలాడే అంచులు, ఘాటైన మిరప, కాలిన టమాటా తీపి. చీజ్ లేదు, గుడ్డు లేదు, మాంసం లేదు. ఇటలీ తిండి చప్పగా ఉంటుందని భయపడే మన పెద్దవాళ్లకు మొదటి రాత్రే ఇది పెట్టండి, మిగతా ప్రయాణం మీద నమ్మకం కుదురుతుంది. పొద్దున్న ఫొకాచ్చా అనే నూనె రొట్టె తినండి. బారీ ఫొకాచ్చా పిండిలో ఉడికించిన బంగాళదుంప కలుపుతారు, పైన టమాటాలు, ఆలివ్‌లు, ఒరెగానో. బేకరీలో తూకం ప్రకారం కోసి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ కాగితం నూనెతో తడిసిపోవాలి.

రెండో రోజు కారు తీసుకుని లోపలి వైపు బయల్దేరండి. మతేరా గంట ప్రయాణమే, కానీ దారిలో అల్తమూరాలో ఆగాలి. రోడ్డుకు రెండు పక్కలా రాళ్లు తేలిన పీఠభూమి, దురుం గోధుమ పొలాలు. ఇక్కడి రొట్టెకు 2003లో యూరోపియన్ యూనియన్ వారి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. మెత్తగా రెండోసారి విసిరిన దురుం రవ్వ, పులిసిన పిండి, ఉప్పు, నీళ్లు. పైపెంకు మందం కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. లోపల పసుపుపచ్చగా, గుల్లగా ఉంటుంది. పొలాలకు, మేత భూములకు వెళ్లిన మగవాళ్లు రోజుల తరబడి ఇంటికి వచ్చేవాళ్లు కాదు. వాళ్లతో పంపే రొట్టె అన్నాళ్లూ నిలవ ఉండాలి. అందుకే అంత పెద్ద ముద్ద, అంత మందం పెంకు. పిండి ఇంట్లో కలిపి, ఊరుమ్మడి పొయ్యికి తీసుకెళ్లేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి చెక్కతో చేసిన ముద్ర కొట్టేవారు. ఆ ముద్రలు ఇప్పటికీ మతేరాలో చేతిపని కొట్లలో అమ్ముతారు, ఇంటికి తీసుకెళ్లడానికి నాకు నచ్చిన వస్తువు అదే. 2000ల మొదట్లో ఈ ఊళ్లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ ఎంతో కాలం నిలవకుండా మూతపడింది. పక్కనే ఉన్న బేకరీలో వేడి ఫొకాచ్చా అంతకంటే చవగ్గా దొరుకుతుంటే జనం ఎక్కడికి వెళ్తారు? ఇక్కడ కిలో రొట్టె కొని కారులో పెట్టుకోండి. నాలుగు రోజులైనా పాడవదు. మధ్యాహ్నం హోటళ్లు మూసే వేళకు మీ అమ్మానాన్నలకు ఆకలేస్తే రొట్టె, టమాటా, ఆలివ్ నూనె చాలు.

మతేరాలో మూడు రాత్రులు ఉండండి. ఒక్క రోజులో చూసేసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్లకు ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. లోతైన కొండచీలిక అంచున సున్నపురాయిలో తొలిచిన గుహ ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. వీటినే సాస్సి అంటారు. 1950 నాటికి కూడా వేలమంది పశువులతో కలిసి ఒకే గదిలో బతికేవారు, మలేరియా ఉండేది, పసిపిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయేవారు. 1952లో చట్టం చేసి దాదాపు 15,000 మందిని కొత్త కాలనీలకు తరలించారు. ఖాళీ అయి పాడుబడిన ఆ ఊరికే 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. మ్యూజియంగా ఉంచిన ఒక గుహ ఇల్లు సాస్సో కవెయోసోలో ఉంది, తప్పక చూడండి. ఒకే గదిలో మంచం, పొయ్యి, గాడిద ఉండే చోటు. ఊరు మధ్య విత్తోరియో వెనెతో కూడలి కింద పలొంబారో లుంగో అనే పెద్ద నీటి తొట్టి ఉంది. రాతిలో తొలిచి, వాన నీళ్లు పట్టి ఊరంతా తాగిన తొట్టి. పైన తాగే నీళ్లు దొరకని రాతినేల మీద ఇంత ఊరు ఎలా నిలిచిందో అక్కడికి దిగితే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. సాస్సిలో అంతా మెట్లే, అరిగి నున్నబడిన రాయి. పెద్దవాళ్ల మోకాళ్లు గుర్తుంచుకోండి. గుహ హోటల్ అని మురిసిపోయి లోయ అడుగున గది తీసుకోకండి. పైన చదునుగా ఉండే కొత్త ఊరి అంచున తీసుకోండి. మెట్లు దిగడం ఎక్కడం మీ ఇష్టం మీద ఉంటుంది, కారు కూడా దగ్గరలో పెట్టుకోవచ్చు. కొండచీలిక అవతలి గట్టు మీదకు కారులో దగ్గర దాకా వెళ్లొచ్చు. సాయంత్రం అక్కడి నుంచి ఊరు మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు.

మతేరా తిండి మన శాకాహారులకు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే అనుకూలం. క్రపియాతా అని ఒక వంటకం ఉంది. గోధుమలు, శనగలు, చిక్కుడు గింజలు, బఠాణీ లాంటివి, మసూర్ లాంటి పప్పులు అన్నీ కలిపి నానబెట్టి ఒకే కుండలో ఉడికిస్తారు. కోతలు ముగిశాక ఇరుగుపొరుగు తలా ఒక పిడికెడు గింజలు తెచ్చి వండుకున్న వంట, ఆగస్టు 1న ఇప్పటికీ వీధిలో వండుతారు. చల్దెద్దా అంటే గట్టిపడిన రొట్టెను నీళ్లతో తడిపి, టమాటా, ఉల్లిపాయ, నూనె వేసి కలిపేది. ఫావె ఎ చికోరియా అయితే పుల్యాలోనూ ఇక్కడా దొరుకుతుంది. పొట్టు తీసిన ఎండు బాకలా అనే పెద్ద చిక్కుడు గింజలను మెత్తగా ఉడికించి, నూనె పోసి ఎనిపి, పక్కన ఉడికించిన చేదు చికోరీ ఆకు పెడతారు. పప్పు తియ్యగా, ఆకు చేదుగా, నూనె ఘాటుగా. మూడూ ఒకే ముద్దలో కలిపి తినాలి. దీన్ని మించిన భోజనం ఈ ప్రాంతంలో నాకు ఇంకోటి లేదు.

ఇక పెపెరోని క్రుస్కి. సెనీసె ఊరి పొడవాటి తీపి ఎర్ర మిరపకాయలు ఇవి. కండ పలచగా, నీరు తక్కువగా ఉంటుంది కాబట్టి దారానికి గుచ్చి గోడకు వేలాడదీస్తే కుళ్లకుండా ఎండిపోతాయి. వాటిని వేడి నూనెలో కొన్ని సెకన్లు ముంచి తీస్తారు. చల్లారగానే మన చల్ల మిరపకాయల్లాగా కరకరలాడతాయి, కారం మాత్రం ఉండదు. ఒక్క క్షణం ఎక్కువైతే మాడి చేదెక్కుతాయి. వీటిని నలిపి, వేయించిన రొట్టె పొడితో కలిపి పాస్తా మీద చల్లుతారు. రొట్టె పొడి చీజ్ కొనలేని ఇళ్లలో చీజ్‌కు బదులు వేసుకున్నది. మతేరా నుంచి ఒక రోజు కస్తెల్‌మెద్జానో వెళ్లండి. సూదుల్లాంటి రాళ్ల మధ్య ఇరుక్కున్న కొండ ఊరు, గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం. ఎదురు కొండ మీది పియెత్రపెర్తోసాకు తీగ మీద వేలాడుతూ దూసుకెళ్లే ఏర్పాటు ఉంది, మీకు ఇష్టమైతే చేయండి. పెద్దవాళ్లు కింద కూడలిలో కాఫీ తాగుతూ చూస్తారు. కొండ రోడ్డు, చీకటి పడకముందే వెనక్కి రండి.

అయిదో రోజు ఇత్రియా లోయకు. అల్బెరొబెల్లో అందరికీ తెలిసిన ఊరు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి శంకువు కప్పు వేసిన త్రుల్లి ఇళ్లు అక్కడ 1,500 దాకా ఉన్నాయి. కొత్త ఊరు కట్టాలంటే నేపుల్స్ రాజు అనుమతి, దానితో పాటు పన్ను. అందుకని ఇక్కడి జమీందార్లయిన కొన్వెర్సానో ప్రభువులు సున్నం వాడనివ్వలేదని, తనిఖీ వస్తే ఇళ్లు ఇట్టే కూల్చేసేలా కట్టించారని చెబుతారు. 1797లో రాజు ఈ ఊరికి ఆ ప్రభువుల నుంచి విముక్తి ఇచ్చాడు. పగలు బస్సుల జనంతో ఊపిరాడదు. పొద్దున ఎనిమిదికి ముందు గానీ, సాయంత్రం గానీ వెళ్లి, అయా పిక్కోలా వైపు నడవండి. అక్కడ ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు, కొట్లు లేవు. గది మాత్రం ఇక్కడ కాకుండా లొకొరొతొందో దగ్గర పొలాల్లో తీసుకోండి. మస్సెరియా అనే పాత పొలం బంగళాల్లో గదులు అద్దెకిస్తారు, వంట కూడా వాళ్ల తోటలో కూరగాయలతోనే. మేం మాంసం తినం అని ఒకరోజు ముందు చెబితే ఎంతో శ్రద్ధగా వండిపెడతారు.

లొకొరొతొందో, చిస్తెర్నీనో, మర్తీనా ఫ్రాంకా మూడూ పది కిలోమీటర్ల దూరాల్లో ఉంటాయి. ఇక్కడ మ్యాప్ మూసేసి, రాతిగోడల మధ్య సన్నటి దారుల్లో నెమ్మదిగా తిరగండి. చిస్తెర్నీనోలో మీ ఇద్దరికీ ఒక రాత్రి ఉంది. మాంసం కొట్లలోనే కట్టెల పొయ్యి ఉంటుంది. గాజు అల్మారాలో నచ్చినవి చూపిస్తే అక్కడే కాల్చి బయట బల్ల మీద పెడతారు. బొంబెత్తె అనే చిన్న పంది మాంసం చుట్టలు, లోపల చీజ్, వాటి కోసమే దూరం నుంచి వస్తారు. పెద్దవాళ్లను మాత్రం ఆ పొగలో, ఆ వాసనలో కూర్చోబెట్టకండి. ముందు వాళ్లకు ఊళ్లో కూరగాయల భోజనం పెట్టించి, కూడలిలో ఐస్‌క్రీమ్ ఇప్పించి, తర్వాత మీరు వెళ్లండి. ఒస్తూనీ తెల్లటి ఊరు, ఒక పూట చాలు.

ఒస్తూనీ నుంచి ఫసానో వైపు సముద్రం పక్క మైదానంలో వందల ఏళ్ల ఆలివ్ చెట్లు ఉన్నాయి. కాండాలు మెలితిరిగి, చీలి, ఒక్కో చెట్టు నలుగురు చేతులు కలిపినా అందనంత. 2007లో పుల్యా ప్రభుత్వం వీటి రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. ఇక్కడ కారు ఆపి కాసేపు నడవండి. ఎందుకంటే బ్రిందిసీ దాటి లెచ్చే వైపు వెళ్లాక చూసేది వేరు. క్సిలెల్లా అనే బ్యాక్టీరియా 2013లో గల్లీపొలి చుట్టుపక్కల బయటపడింది. ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. చెట్టులో నీళ్లు పైకి వెళ్లే నాళాలు మూసుకుపోయి కొమ్మలు ఎండిపోతాయి. సలెంతోలో లక్షల చెట్లు పోయాయి. రోడ్డుకు రెండు వైపులా బూడిదరంగు మొద్దులు, మధ్యలో అక్కడక్కడా కొత్తగా నాటిన లెచ్చీనో, ఫవొలోసా మొక్కలు కనిపిస్తాయి. ఈ రెండు రకాలు ఆ జబ్బును తట్టుకుంటాయి. తాతల నాటి చెట్లు కళ్లముందే ఎండిపోయిన రైతులు ఇప్పుడు ఆ మొక్కల మీదే ఆశ పెట్టుకున్నారు. మీరు నూనె కొంటే ఇలాంటి రైతు దగ్గర, డబ్బాలో కొనండి. ఆ డబ్బు వాళ్లకు అవసరం.

చివరి మూడు రాత్రులు లెచ్చేలో. ఇక్కడి రాయి లేత తేనె రంగులో మెత్తగా ఉంటుంది, చెక్కను చెక్కినట్టు చెక్కుతారు. సాంతా క్రోచె గుడి ముఖభాగం చూస్తే ఆ మెత్తదనం శిల్పులకు ఎంత చనువిచ్చిందో తెలుస్తుంది. మండే మధ్యాహ్నం లెచ్చే కాఫీ అడగండి, ఐసు ముక్కల మీద ఎస్ప్రెస్సో, తియ్యటి బాదం పాలు. పెద్దవాళ్లకూ చక్కగా నప్పుతుంది. చీచెరి ఎ త్రియా అంటే శనగలతో వెడల్పు పాస్తా. పాస్తాలో కొంత ఉడికిస్తారు, కొంత నూనెలో వేయించి పైన కలుపుతారు, మెత్తదనం కరకర ఒకేచోట. దీన్ని వదలకండి. ఒక పూట ఓత్రాంతో వెళ్లండి, ముప్పావుగంట దారి. కథెడ్రల్ నేలంతా 1163–65 మధ్య పంతలెయోనె అనే సన్యాసి వేయించిన మొజాయిక్. గుమ్మం నుంచి పీఠం దాకా ఒకే మహావృక్షం, దాన్ని మోస్తున్నవి రెండు ఏనుగులు. పక్క చాపెల్‌లో గాజు అల్మారాల్లో పుర్రెలు ఉంటాయి. 1480లో ఒట్టోమన్ సైన్యం చంపిన ఊరివాళ్లవి. అమ్మగారికి ముందే చెప్పండి, చూడాలో వద్దో ఆమె ఇష్టం. తర్వాత దక్షిణంగా సముద్రపు అంచునే సాగే రోడ్డు లెవుకా దాకా వెళ్తుంది, ప్రయాణం మొత్తంలో అందమైన రోడ్డు అదే. గల్లీపొలిలో నేల కింద తొలిచిన పాత ఆలివ్ గానుగ ఒకటి చూడండి. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్లిన నూనె ఎక్కువగా వీధి దీపాలకే, తినడానికి కాదు.

ఇప్పుడు పెద్దవాళ్ల తిండి జాగ్రత్తలు. నాకు శాకాహారం అంటే సరిపోదు, చేపను మాంసంగా లెక్కపెట్టని వాళ్లు చాలామంది ఉంటారు. సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా అచ్చూగె అనండి. మాంసం లేకుండా, చేప లేకుండా, ఆంకోవీలు లేకుండా అని. గుడ్డుకు సెంత్సా ఉవోవా. సూపు, పప్పు వంటకాలకు మాంసం ఉడికించిన నీళ్లు వాడారా అని అడగాలి, పంది మాంసం ముక్క వేసే ఇళ్లు కూడా ఉన్నాయి. లెచ్చేలో పొద్దున్నే తినే కస్టర్డ్ పేస్ట్రీ పస్తిచ్చొత్తోలో కస్టర్డుకు గుడ్డు, పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు కాబట్టి పెద్దవాళ్లకు వద్దు. వాళ్లకు తీపి కావాలంటే ఆ సీజన్లో వచ్చే అత్తిపండ్లు, ద్రాక్ష, బాదం పెట్టి కాల్చిన ఎండు అత్తిపండ్లు. చీజ్ సంగతి మీ ఇంటి పట్టింపును బట్టి ఉంటుంది. పాతకాలపు చీజ్‌లన్నీ చాలావరకు దూడ లేదా గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేసినవే, పార్మిజానో కూడా అంతే. అది వద్దనుకుంటే సెంత్సా ఫొర్మాజ్జో అనేయడం సులువు, మన అదృష్టం కొద్దీ ఇక్కడి మంచి వంటకాలు సగం చీజ్ లేనివే. పట్టింపు లేకపోతే ఆంద్రియా వైపు నుంచి వచ్చే బుర్రాతా అనే మెత్తటి తాజా చీజ్ అదే రోజు చేసింది తినండి. మీ ఇద్దరికీ ఒక మాట: సలెంతోలో, బారీలో గుర్రం మాంసం మామూలు. మెనూలో కావాల్లో అని ఉంటే అది గుర్రం.

వేళల విషయంలో ఇక్కడ ఎవరూ సర్దుకోరు, మనమే సర్దుకోవాలి. మధ్యాహ్న భోజనం ఒంటి గంటకు, రెండున్నర దాటితే వంటిల్లు మూతే. రాత్రి ఏడున్నర, ఎనిమిదికి ముందు తెరవరు. మధ్యలో కొట్లు, చిన్న గుళ్లు అన్నీ నిద్రపోతాయి. మీ అమ్మానాన్నలు ఏడింటికే తినేవాళ్లయితే మధ్యాహ్నమే పూర్తి భోజనం పెట్టించి, రాత్రికి బేకరీ నుంచి ఫొకాచ్చా, పండ్లు తెచ్చుకుని గదిలోనే తినండి. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలన్నీ బయట తింటాయి, ముందే టేబుల్ చెప్పిపెట్టుకోండి. బిల్లులో మనిషికి రెండు, మూడు యూరోలు కొపెర్తో అని వేస్తారు, అది మోసం కాదు, టేబుల్ చార్జీ.

కారు గురించి. ఇండియా లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి, బయల్దేరే ముందే ఆర్‌టీఏ నుంచి తీసుకోండి, ఇక్కడికి వచ్చాక కుదరదు. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ఇప్పుడే బుక్ చేయండి. నలుగురికీ సామానుకూ సరిపడేంత చాలు, అంతకంటే పెద్దది తీసుకుంటే సందుల్లో అద్దాలు గీసుకుపోతాయి, కాబట్టి పూర్తి ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి. డిపాజిట్‌కు నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. అన్నిటికంటే పెద్ద టెన్షన్ పాత ఊళ్ల జెడ్‌టీఎల్. స్థానికుల బళ్లకే అనుమతి ఉన్న వీధులవి, మొదట్లో కెమెరా ఉంటుంది. బోర్డు మీద వార్కో ఆత్తీవో అని వెలుగుతుంటే లోపలికి పోకండి. జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది, అద్దె కంపెనీ తన ఫీజు వేరే వేస్తుంది. హోటల్ పాత ఊళ్లో ఉంటే కారు నంబరు ముందే పంపితే వాళ్లు నమోదు చేయిస్తారు. పార్కింగ్ గీత తెల్లగా ఉంటే ఉచితం, నీలమైతే డబ్బు కట్టాలి, పసుపైతే మీకు కాదు. బారీ నుంచి లెచ్చే దాకా తీరం వెంట వెళ్లే నాలుగు లైన్ల రోడ్డుకు టోల్ లేదు, వేగాన్ని పట్టే కెమెరాలు మాత్రం ఉన్నాయి. మధ్యాహ్నం పెట్రోల్ బంకుల్లో మనుషులు ఉండరు, మెషిన్‌లో ముందే కార్డు పెట్టాలి. అది కాస్త పెద్ద మొత్తం ఆపి తర్వాత వదులుతుంది, కంగారు పడకండి.

కలాబ్రియా మీద మనసు ఉందని రాశారు కాబట్టి ఒక మాట. అది మిరప దేశం, స్పీలింగా ఊరి ఎన్‌దూయా అనే మెత్తటి కారం పంది మాంసం, త్రోపెయా తియ్యటి ఎర్ర ఉల్లిపాయ, రెజ్జోలో బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు, అక్కడి మ్యూజియంలో 1972లో సముద్రంలో దొరికిన రెండు కంచు విగ్రహాలు. దానికి విడిగా ఒక వారం కావాలి. సలెర్నో నుంచి రెజ్జో దాకా టోల్ లేని హైవే ఉంది, ఇంకోసారి మీరిద్దరే వచ్చినప్పుడు ఆ దారి పట్టండి.

ఈ వారంలోనే చేయాల్సినవి మూడు. మతేరా గది ముందు బుక్ చేయండి, పై ఊళ్లో బాగున్నవి త్వరగా పోతాయి. తర్వాత ఆటోమేటిక్ కారు, బారీలో తీసుకుని బ్రిందిసీ ఎయిర్‌పోర్ట్‌లో అప్పగించేలా. ఆ తర్వాత ఇత్రియాలో వంట పెట్టే మస్సెరియా, శాకాహారం సంగతి బుకింగ్ మెసేజ్‌లోనే రాయండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాస్తే ఏ ఊళ్లో ఏ వారం హోటళ్లకు సెలవో, ఎక్కడ ముందే టేబుల్ చెప్పాలో నేను చూసి చెబుతాను.